నాణేల వాళ్ళం స్టాంపుల్లోకి దిగితే ఎక్కడ మొదలుపెట్టాలి?

రాగికాసు:
అందరికీ నమస్కారం. ఏళ్ళ తరబడి నాణేలు తప్ప వేరే ధ్యాస లేని మనిషిని. ఈమధ్య కొన్న ఒక పాత నాణేల లాటుతో పాటు అట్టపెట్టె నిండా స్టాంపులు కూడా వచ్చిపడ్డాయి. కొన్ని కవర్ల మీదే ఉన్నాయి, కొన్ని విడిగా ఉన్నాయి, ఇంకొన్ని పాత ఆల్బంలో వెనకాల చిన్న కాగితపు తోకలతో అతికించి ఉన్నాయి. ఎవరికైనా ఇచ్చేద్దామనుకుంటూనే లూపు (చిన్న భూతద్దం) పెట్టి చూశాను. అక్కడ దొరికిపోయాను.

నా అనుమానాలు ఇవీ. ప్రపంచంలో ఉన్నవన్నీ పోగేయాలా, ఒక్క దేశాన్ని పట్టుకోవాలా? నాణెం కడిగినవాణ్ణి మనం వెలివేస్తాం. ఇక్కడేమో అందరూ హాయిగా నీళ్ళలో నానబెడుతున్నారు. చూస్తుంటేనే ఒళ్ళు జలదరిస్తోంది. అది నిజంగా చేయాల్సిన పనేనా? నా దగ్గరున్న ఫ్లిప్పులు (నాణేలు దాచే ప్లాస్టిక్ జేబులు), లూపు, కాటన్ గ్లౌజులు ఏమైనా పనికొస్తాయా? చివరిది: వెండి నాణెం ఎంత అరిగినా వెండి వెండే. మరి ఈ కాగితం ముక్కకు అడుగున ఏముంది?

చిల్లరదేవుడు:
చివరి ప్రశ్నకు జవాబు: ఏమీ లేదు. రండి, కూర్చోండి.

కవర్లపెట్టె:
రాగికాసు గారూ, మిగతావన్నీ తీరిగ్గా మాట్లాడుకోవచ్చు. ముందు ఒక్క మాట వినండి. కవర్ల మీదున్న స్టాంపుల్ని అప్పుడే ఊడదీయకండి.

కవరు అంటే స్టాంపు ఒక్కటే కాదు. ఏ ఊళ్ళో ఏ తేదీన వేశారు, ఏ దారిన పోయింది, ఎంత రుసుము కట్టారు, చేరిన ఊళ్ళో వెనకవైపు ఏ ముద్ర కొట్టారు, ఇవన్నీ కలిస్తేనే దానికి కథ. స్టాంపు తీసేశాక మళ్ళీ అతికిస్తే ముద్ర గీతలు కవరు మీది గీతలతో కలవవు, తెలిసినవాడు చిటికెలో పట్టేస్తాడు. యుద్ధకాలపు సెన్సారు పట్టీలున్నవి, స్టాంపు చాలక జరిమానా ముద్ర పడినవి, ఓడ పేరో విమానం పేరో ఉన్నవి విడిగా తీసి పెట్టండి. అందరిదగ్గరా ఉండే ఈకాలపు మామూలు కవర్లయితే మీ ఇష్టం.

పాత ఆల్బంలో తోకలతో ఉన్నవాటిని కూడా లాగకండి. దాని సంగతి తర్వాత.

తడికాగితం:
నీళ్ళ గురించి భయం అక్కర్లేదు. ఎందుకో చెప్తాను. నాణెం మీద ఏళ్ళ తరబడి పట్టిన పైపొర దాని ఒంటిది, అది పోతే మళ్ళీ రాదు. వాడిన స్టాంపు వెనక ఉన్నది ఎవరో తడిపి కవరుకు అంటించిన జిగురు. అది ఆల్రెడీ తడిసిందే. దాన్ని తీసేస్తే స్టాంపుకు పోయేదేమీ లేదు, పైగా పాత జిగురు ఎండి బిగుసుకుని కాగితాన్ని చుట్టలా లాగుతుంది, అది వదిలిపోతే మేలు.

పద్ధతి ఇది. కవరు కాగితాన్ని స్టాంపు చుట్టూ వేలెడు వదిలి కత్తిరించాలి. స్టాంపు అంచున ఉండే పళ్ళకు దగ్గరగా కత్తెర పోనివ్వకూడదు. గోరువెచ్చటి నీళ్ళలో బొమ్మ పైకి ఉండేలా వదలాలి. పావుగంటో, ఇరవై నిమిషాలో ఆగితే కాగితం తనంతట తనే జారిపోతుంది. జారకపోతే ఇంకాసేపు ఆగాలి తప్ప లాగకూడదు. తడి కాగితానికి బలం ఉండదు, లాగితే వెనక పొర లేచిపోయి అక్కడ పలుచబడుతుంది. తర్వాత మంచినీళ్ళలో ఒకసారి తిప్పి, వెనక వేలితో మెల్లగా రాస్తే జిగురు మిగిలిందో లేదో జారుడును బట్టి తెలుస్తుంది. బొమ్మ కిందికి పెట్టి బ్లాటింగ్ కాగితం మీద ఆరనివ్వాలి. సగం ఆరాక రెండు బ్లాటింగుల మధ్య పెట్టి పైన బరువైన పుస్తకాలు. న్యూస్‌పేపర్ వద్దు, సిరా అంటుతుంది.

నీళ్ళలో వేయకూడనివి కూడా ఉన్నాయి. ఎర్రటి, ముదురు రంగు కవర్ల కాగితం రంగు వదులుతుంది, తొట్టిలో ఉన్నవన్నీ గులాబీ రంగుకు తిరుగుతాయి, వాటిని విడిగా చల్లటి నీళ్ళలో త్వరగా తేల్చాలి. ఊదా సిరాతో ముద్ర పడినవి, పెన్ను గీతలున్నవి కారతాయి. పాత స్టాంపుల్లో కొన్నిటిని కావాలనే కరిగే సిరాతో అచ్చేశారు, ఎవరూ ముద్ర కడిగి మళ్ళీ వాడకుండా. ఇక ఈకాలపు స్టిక్కరు స్టాంపులు చాలా వాటికి నీళ్ళంటే లెక్కే లేదు. వాటిని కవరు కాగితంతో సహా చక్కగా కత్తిరించి అలాగే దాచడమే మేలు.

ఒక్కటి మాత్రం రాసి పెట్టుకోండి. వాడని, జిగురు చెక్కుచెదరని స్టాంపుకు నీటి చుక్క కూడా తగలకూడదు.

రాగికాసు:
వేలెడు వదిలి కత్తిరించడం బాగుంది, నేనైతే అంచు దాకా నరికేవాణ్ణి. పళ్ళు కూడా లెక్కే కదా?

పళ్ళలెక్క:
నా పేరు చూశారా? నన్నే అడగాలి.

పళ్ళ కొలత అంటే 2 సెంటీమీటర్ల పొడవులో ఎన్ని చిల్లులున్నాయి అన్నది. 14 అంటే 2 సెంటీమీటర్లకు 14. పైనా కిందా ఒక లెక్క, పక్కలకు ఇంకో లెక్క ఉంటే 15×14 అని రాస్తారు, మొదటిది అడ్డం, రెండోది నిలువు. కొలవడానికి గీతలున్న గేజి దొరుకుతుంది, కచ్చితంగా కొనాల్సిన వాటిలో అదొకటి.

మీకు నాణేల భాషలో చెప్తాను. ఒకే సంవత్సరం, ఒకే బొమ్మ, కానీ టంకశాల గుర్తు వేరైతే మీరు రెంటినీ వేర్వేరుగా దాస్తారు కదా. మా దగ్గర ఆ పని చేసేవి పళ్ళు, వాటర్‌మార్కు (కాగితం తయారీలోనే పడే గుర్తు), కాగితం రకం. బ్రిటన్ వాళ్ళ వైల్డింగ్ స్టాంపులు, అంటే రెండో ఎలిజబెత్ రాణి తొలి స్టాంపులు చూడండి. 1952లో మొదలయ్యాయి. రాణి బొమ్మ అదే, రంగు అదే. వెనక వాటర్‌మార్కు చూస్తే మొదట ట్యూడర్ కిరీటం, 1955 నుంచి సెయింట్ ఎడ్వర్డ్ కిరీటం, 1958 నుంచి బోలెడన్ని చిన్న కిరీటాలు. ముందు నుంచి చూస్తే మూడూ ఒకటే.

వాటర్‌మార్కు చూడటానికి నల్లటి చిన్న పళ్ళెంలో స్టాంపును బోర్లా పెట్టి వాటర్‌మార్కు ద్రవం రెండు చుక్కలు వేస్తారు. కాగితం పలుచగా ఉన్నచోట నలుపు ముందు తేలుతుంది. ఆ క్షణంలో వాటర్‌మార్కే కాదు, పలుచబడ్డ చోట్లు, పాత మడతలు, అతుకులు అన్నీ బయటపడతాయి. అది జిగురును కరిగించదు. కానీ ఫోటోగ్రావ్యూర్ పద్ధతిలో అచ్చయిన కొన్నిటి రంగు చెడుతుంది, స్టిక్కరు స్టాంపులకూ వద్దు. మంటకు దూరంగా, గాలి ఆడేచోట చూసుకోవాలి.

గ్లౌజులు పక్కన పెట్టేయండి. గుడ్డకు పన్ను తగులుకుంటే విరుగుతుంది. చేతికి చదును కొన ఉన్న స్టాంపు పట్టకారు చాలు. మందుల షాపులో దొరికే గాట్లున్న పట్టకారు మాత్రం వద్దు, దాని గాట్లు కాగితం మీద పడతాయి. లూపు ఉంచుకోండి, మా లోకంలో కూడా అదే కన్ను.

జిగురుపిచ్చి:
ఫ్లిప్పుల సంగతి ఎవరూ చెప్పలేదు. పీవీసీ వాసన కొట్టే మెత్తటి ఫ్లిప్పుల్లో నాణేలకు పచ్చటి జిడ్డు పట్టడం మీరు చూసే ఉంటారు. అదే పీవీసీ స్టాంపుకూ శత్రువే. రంగును లాగేస్తుంది, కాగితాన్ని జిడ్డు చేస్తుంది. పాలియెస్టర్ జేబులు, ఆమ్లం లేని కాగితంతో చేసిన స్టాక్‌బుక్కులు వాడండి. ఈ విషయంలో నాణేల వాళ్ళకు ముందే బుద్ధి వచ్చి ఉంటుంది కాబట్టి మాకు సగం పని తగ్గింది.

తేమ మాత్రం మీకు కొత్త తలనొప్పి. రాగికి తేమ తగిలితే పచ్చబడుతుంది, అది నెమ్మదిగా జరిగే పని. వాడని స్టాంపుకు తేమ తగిలితే ఒక్క వానాకాలంలో జిగురు పేజీకి అతుక్కుపోతుంది. ఆల్బంలను పడుకోబెట్టి ఒకదాని మీద ఒకటి పేర్చకండి, పుస్తకాల్లా నిలబెట్టండి, ఒత్తుగా ఇరికించకండి. సిలికా జెల్ పెట్టి, అప్పుడప్పుడు పేజీలు విప్పి గాలి తగలనివ్వండి. పేజీ మీద గోధుమరంగు చుక్కలు కనిపిస్తే ఆ స్టాంపుల్ని వెంటనే విడిగా తీసేయాలి, ఆ మచ్చలు పక్కవాటికీ పాకుతాయి.

ఇక కొనేటప్పుడు నా సలహా సూటిగా చెప్తాను. వాడనివి కొంటే హింజ్ (ఆల్బంలో అతికించే ఆ కాగితపు తోక) పడనివే కొనండి. తోక మచ్చ ఉన్నవి తర్వాత ఎవరూ అడగరు.

కవర్లపెట్టె:
ఇదిగో, ఇక్కడే నాకూ జిగురుపిచ్చి గారికీ ఎప్పుడూ గొడవ.

ఈకాలపు స్టాంపులకు ఆయన మాట ఒప్పుకుంటాను. కానీ పందొమ్మిదో శతాబ్దం స్టాంపులకు కూడా అదే నియమం పెడితే కొత్తవాళ్ళు మునిగిపోతారు. ఆ రోజుల్లో ఆల్బంలో పెట్టే పద్ధతే హింజ్. దాచుకున్న ప్రతివాడూ అతికించాడు. అలాంటప్పుడు 'ఎన్నడూ హింజ్ పడలేదు' అంటూ నిగనిగలాడే జిగురుతో అమ్మకానికి వచ్చిన పాత స్టాంపు చూస్తే ముందు అనుమానపడాలి. జిగురు కొత్తగా పూసి అమ్మేవాళ్ళు చాలామంది. పూసిన జిగురు పళ్ళ కొనల్లోకి ఇంకి గట్టిగా గుచ్చుకుంటుంది, అసలు స్టాంపుకు చిల్లులు జిగురు పూశాకే పడతాయి కాబట్టి పళ్ళ కొనల్లో పీచు మెత్తగా, పొడిగా ఉంటుంది. లూపుతో చూస్తే తేడా తెలుస్తుంది.

స్టాంపు ముందువైపు అచ్చు కోసం ఉంది. వెనక జిగురు కోసం అంత డబ్బు పోయడం నాకు ఎప్పటికీ అర్థం కాదు.

జిగురుపిచ్చి:
నాణేల వాళ్ళు ఎవరి చేతా పడని నాణెం కోసం ఎంత పోస్తారో అడగండి, అప్పుడు అర్థమవుతుంది.

రాగికాసు:
ఆ మాట నిజమే, మేము నోరెత్తలేం. మరి మా లాగా ప్లాస్టిక్ డబ్బాలో సీలు వేసి, నంబరు ఇచ్చి అమ్మేవి ఉంటాయా?

పళ్ళలెక్క:
ఉన్నాయి, 100 దాకా గ్రేడు ఇచ్చేవాళ్ళున్నారు. కానీ స్టాంపుల్లో అది పెద్దగా పాకలేదు. స్టాంపు సంగతుల్లో సగం వెనకవైపు ఉంటుంది. డబ్బాలో పెట్టి సీలేస్తే ద్రవంలో ముంచి వాటర్‌మార్కు చూడలేం, పళ్ళు కొలవలేం. మా దగ్గర ఎక్కువగా నడిచేది ఫోటోతో ఇచ్చే నిపుణుల సర్టిఫికెట్. మీరు నాణేలకు గ్రేడు ఇచ్చే 70 పాయింట్ల షెల్డన్ స్కేలుకు అలవాటు పడ్డవారు. ఇక్కడ ముందు చూసేది బొమ్మ నాలుగు అంచుల మధ్య సమంగా కూర్చుందా, ఆ తర్వాత పళ్ళు, ఆ తర్వాత ముద్ర ఎలా పడింది.

కేటలాగు గురించి ఒక హెచ్చరిక. మీకు క్రౌజ్ నాణేల కేటలాగు నంబరు ఒకటుంటే ప్రపంచమంతా నడుస్తుంది. మాకు అమెరికాలో స్కాట్, బ్రిటన్‌లో స్టాన్లీ గిబ్బన్స్, జర్మనీలో మిషెల్, ఫ్రాన్సులో ఈవేర్ ఎ తెలియే. ఒకే స్టాంపుకు నాలుగు నంబర్లు. మార్పిడి చేసుకునేటప్పుడు ఏ కేటలాగు నంబరో ముందు అడగండి. అందులో ధర కూడా బయట దొరికే ధర కాదు. మామూలు స్టాంపులకు వేసే కనీస ధర, దుకాణదారుడు దాన్ని వెతికి తీసి ఇవ్వడానికి పడే శ్రమ ధర.

చిల్లరదేవుడు:
అదే నేను మొదట్లో రెండు ముక్కల్లో చెప్పాను.

అచ్చుతప్పు:
మీ మొదటి ప్రశ్న దగ్గరికి వస్తాను, ఎవరూ ముట్టుకోలేదు. ప్రపంచమంతా పోగేయడం మొదట్లో బాగుంటుంది. కిలోల లెక్కన అమ్మే మిక్స్ ఒకటి తెచ్చి నానబెడుతుంటే చేయి తిరుగుతుంది, ఏ దేశం అచ్చు ఎలా ఉంటుందో కంటికి అలవాటవుతుంది. కానీ ఆరునెలల్లో ఆల్బంలు నిండి విసుగొస్తుంది. ఒకప్పుడు అజ్మాన్, ఫుజైరా లాంటి ఎడారి రాజ్యాల పేర్ల మీద కేవలం అమ్ముకోవడానికే లెక్కలేనన్ని రంగురంగుల బొమ్మలు అచ్చేశారు. మూలకు చక్కగా ముద్ర కొట్టి, వెనక జిగురు జిగురులాగే ఉంటే అది ఏ కవరు మీదా ప్రయాణం చేయలేదని అర్థం. అలాంటివి మీ పెట్టెలో సగం ఉంటాయి, చూసుకోండి.

నాణేల మనిషికి నేను చెప్పే దారి వేరు. నాణెమూ స్టాంపూ కలిసే చోట్ల నుంచి రండి. 1840లో వచ్చిన మొట్టమొదటి స్టాంపు పెన్నీ బ్లాక్ మీది విక్టోరియా ముఖం ఎక్కడిదనుకుంటున్నారు? రాణి లండన్ నగరానికి వచ్చిన సందర్భంగా 1837లో విలియం వయాన్ చెక్కిన మెడల్ మీదిది. వయాన్ రాయల్ మింట్‌లో ముఖ్య చెక్కుడు పనివాడు. ఆయన నాణేలు మీ దగ్గర ఉండే ఉంటాయి. అలాగే 1967లో వచ్చిన బ్రిటన్ మాచిన్ స్టాంపుల మీది రాణి తలను చేసిన ఆర్నాల్డ్ మాచినే వాళ్ళ దశాంశ నాణేల మీది తలనూ చేశాడు.

ఇంకా ఉంది. 1862లో అమెరికా అంతర్యుద్ధంలో జనం నాణేలన్నీ దాచేసుకుంటే చిల్లర కరువొచ్చింది. స్టాంపులనే చిల్లరగా వాడితే చేతులకు అంటుకుంటున్నాయని జాన్ గాల్ట్ అనే ఆయన ఇత్తడి చట్రంలో స్టాంపు పెట్టి, ముందు అభ్రకం రేకు బిగించి పేటెంటు తీసుకున్నాడు. వెనక ఇత్తడి మీద వ్యాపార ప్రకటనలు. నాణెమా, స్టాంపా? 1915లో రష్యాలో రోమనోవ్ రాజవంశపు స్టాంపుల బొమ్మల్నే దళసరి అట్ట మీద అచ్చేసి, వెనక 'వెండి చిల్లరతో సమానంగా చెల్లుతుంది' అని రాసి వదిలారు. 1963లో టోంగా వాళ్ళు తమ మొదటి బంగారు నాణేల గుర్తుగా గుండ్రటి బంగారు రేకు స్టాంపులు తెచ్చారు. పట్టకారుతో పట్టుకుంటే నాణెం పట్టుకున్నట్టే ఉంటుంది.

చిల్లరదేవుడు:
ఆ టోంగా బిళ్ళను అనవసరంగా గుర్తు చేశారు, ఇప్పుడు రాత్రంతా వెతుకుతాను.

రాగికాసు:
అచ్చుతప్పు గారూ, వయాన్ చెక్కిన వెండి నాణేలు నా దగ్గర చాలానే ఉన్నాయి. ఆయన చెక్కిన ముఖమే స్టాంపు మీద కూడా ఉందని ఇన్నాళ్ళూ తెలియదు! అయితే పెన్నీ బ్లాక్ నా బడ్జెట్‌లో ఉంటుందా?

అచ్చుతప్పు:
అందరూ అనుకునేంత అరుదైంది కాదు, 6 కోట్లకు పైగా అచ్చేశారు. కానీ నాలుగు అంచులూ నిండుగా ఉన్నది కావాలంటే ఖర్చు. అప్పట్లో చిల్లులు లేవు, కత్తెరతో కోసేవాళ్ళు, కాబట్టి ఏదో ఒక వైపు గీతలోకి కోసేసిందే ఎక్కువ.

మీకు సరిపోయేది దాని తమ్ముడు, పెన్నీ రెడ్. నల్లటి స్టాంపు మీద ఎర్ర ముద్ర కొడితే జనం ముద్ర కడిగేసి మళ్ళీ వాడుతున్నారని 1841లో స్టాంపును ఎర్రగా, ముద్రను నల్లగా మార్చారు. 1864 నుంచి వచ్చిన వాటిలో ప్లేటు (అచ్చు వేసిన లోహపు పలక) నంబరు స్టాంపులోనే ఉంటుంది. రెండు పక్కల వల అల్లినట్టుండే అంచు మధ్యలో, అడ్డంగా తిరిగి, చీమ తలంత అంకెలు. 71 నుంచి 225 దాకా, మధ్యలో కొన్ని లేవు. మీరు నాణేల్లో సంవత్సరాల వరుస పూర్తి చేసినట్టు ఇక్కడ ప్లేట్ల వరుస. కొన్నిటిని మినహాయిస్తే చాలా ప్లేట్లు వాడినవి తేలిగ్గానే దొరుకుతాయి.

కింది మూలల్లో అక్షరాలు కూడా చూడండి. ఎడమది అడ్డు వరుస, కుడిది నిలువు వరుస. షీటుకు 20 వరుసలు, వరుసకు 12 స్టాంపులు, మొత్తం 240. పెన్నీ లెక్కన ఒక వరుస ఒక షిల్లింగు, షీటు మొత్తం ఒక పౌను. పాత బ్రిటిష్ నాణేల లెక్క తెలిసినవాడికి ఇంకేం చెప్పాలి.

కవర్లపెట్టె:
మంచి సలహా. ఒక్కటి కలుపుతాను. నకిలీలను పట్టడంలో నాణేల వాళ్ళ ధైర్యం ఇక్కడ పనిచేయదు. మీరు బరువు తూస్తారు, మోగించి చూస్తారు. ఇక్కడ ఆ రెండూ లేవు. జాన్ ద స్పెరాటి అనేవాడు చౌక అసలు స్టాంపు తీసుకుని, అచ్చును రసాయనాలతో పోగొట్టి, అదే కాగితం మీద ఖరీదైన బొమ్మ అచ్చేసేవాడు. కాగితం అసలు, వాటర్‌మార్కు అసలు, పళ్ళు అసలు, ఒక్కోసారి ముద్ర కూడా అసలే. చివరికి 1954లో బ్రిటిష్ ఫిలాటెలిక్ అసోసియేషన్ అతని సామానంతా కొనేసి మరి చేయకుండా ఆపింది. వాడిన స్టాంపే ఖరీదైన సందర్భాల్లో ఇంకా జాగ్రత్త. 1923లో జర్మనీ ద్రవ్యోల్బణం నాటి స్టాంపుల్లో కొన్ని వాడనివి కుప్పలుగా దొరుకుతాయి, నిజంగా ఆ రోజుల్లో తపాలాలో వెళ్ళినవే అరుదు. అందుకని వాడనివాటికి తర్వాత దొంగ ముద్రలు కొట్టారు. ఖరీదైంది ఏదైనా సర్టిఫికెట్ లేకుండా ముట్టుకోకండి.

పళ్ళలెక్క:
నాణేల వాళ్ళ సామానులో ఒకటి మాత్రం ఇక్కడా పనికొస్తుంది. సున్నపు పూత ఉన్న కాగితమా కాదా తేల్చడానికి పాతవాళ్ళు వెండి వస్తువుతో ఓ మూల సన్నగా గీసేవాళ్ళు, పూత ఉంటే పెన్సిల్ గీతలా నల్లగా పడుతుంది. గీత పోదు కాబట్టి పనికిరాని స్టాంపు మీద, అంచు ఖాళీలో మాత్రమే చేసి చూడండి.

రాగికాసు:
పెట్టెలో ఎర్రవి ఒక కట్ట దొరికింది. ఒకదాన్ని లూపు కింద పెట్టాను. ఎడమ పక్క అంచులో 77 అని కనిపిస్తోంది. దాని ముందు నల్లటి ముద్ర గీత ఉంది. 77 అరుదైందని ఎక్కడో చదివాను. చేతులు వణుకుతున్నాయి.

చిల్లరదేవుడు:
పట్టకారు కింద పెట్టేసి ముందు నీళ్ళు తాగండి. స్టాంపుకు కాదు, మీరు.

అచ్చుతప్పు:
77 ప్లేటు నచ్చక పక్కన పెట్టేశారు. అయినా కొన్ని బయటికి వచ్చాయి, వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. అందుకే 177లో 1 ముద్ర కింద పడిపోయిన ప్రతిదీ ఒక్క క్షణం 77 అనిపిస్తుంది. కావాలనే 1 గీకేసి అమ్మినవాళ్ళూ ఉన్నారు. చూసే పద్ధతి చెప్తాను. రెండు అంకెల నంబరయితే అంచు మధ్యలో సరిగ్గా కూర్చుంటుంది. మూడు అంకెలదైతే 77 ఒక పక్కకు జరిగి ఉండి, ముందు ఒక అంకె పట్టేంత చోటు కనిపిస్తుంది. నంబరు రెండు పక్కలా ఉంటుంది, కుడి పక్క ముద్ర పలుచగా ఉంటే అక్కడ చూడండి. 

రాగికాసు:
కుడి పక్క చూశాను. 1 ఉంది. 177.

కట్టలో మరోదాంట్లో రెండు పక్కలా 176 స్పష్టంగా కనబడుతోంది, అది రెండు ఉన్నాయి.

చిల్లరదేవుడు:
176 నాకు లేదు. నా దగ్గర 150 రెండున్నాయి. ఒకటి ఇస్తాను, పళ్ళు అన్నీ ఉన్నాయి, ముద్ర కాస్త బరువుగా పడింది. మార్చుకుందామా?

రాగికాసు:
మార్చుకుందాం. ముందు దాని వెనకవైపు ఫోటో పెట్టండి.